చెక్కల మోతలో గురువు గొంతు: ఇంట్లో రికార్డింగుకు గెయిన్ లెక్కలు

మా కడప జిల్లా చెక్కభజన పాటలు ఫోన్లో వెతికితే కావలసినన్ని దొరుకుతాయి. చాలావాటిది ఒకటే కత. చెక్కలు చెవుల్లో పొడుస్తుంటాయి, డోలక్కు గదంతా నిండిపోయి మోగుతుంటుంది, గురువు ఏం పాడుతున్నాడో మాత్రం తెలియదు. పాడేవాళ్లలో లోపమేమీ లేదు. లెవెళ్లు ఎవరూ పట్టించుకోకపోవడమే దానికి కారణం. మా చిన్నాయన మైదుకూరు పక్క ఒక పల్లెలో చెక్కభజన గురువు. బ్రహ్మంగారి తత్వాలు ఆయన పాడితే ఒక్కో మాటా విడివిడిగా తెలుస్తుంది. ఆ మాటలు రికార్డులో కూడా అట్లే తెలియాల. నేను ఇంట్లో రికార్డింగు నేర్చుకున్నదే దానికోసం.

నేను ఉండేది కడపలో, ఎర్రముక్కపల్లె. బళ్లో లెక్కలు చెప్తా. మిద్దె మీద ఒక గది, అందులో ల్యాప్‌టాపు, రెండు మైకులు తగిలించుకునే ఇంటర్‌ఫేసు, ఒక డైనమిక్ మైకు, ఒక కండెన్సర్ మైకు, రెండు హెడ్‌ఫోన్లు. సాఫ్ట్‌వేరు రీపర్. ఇంతకు మించి ఏమీ లేదు, చెక్కభజనకు ఇంతకు మించి అక్కర కూడా లేదు.

ముందు ఒక సంగతి తేల్చుకోవాల. గెయిన్ వేరు, ఫేడర్ వేరు. ఇంటర్‌ఫేసు మీద మనం తిప్పే గుండీ గెయిన్. మైకు నుంచి వచ్చేది చాలా చిన్న కరెంటు. అది అంకెలుగా మారకముందే దాన్ని పెంచే పని గెయిన్‌ది. అంకెలుగా మారిపోయి ల్యాప్‌టాపులో కూర్చున్న తర్వాత దాన్ని ఎక్కువ తక్కువ చేసేది ఫేడర్. డిజిటల్లో మీటరు పైకొన సున్నా. ఆ సున్నా పైన అంకెలు లేవు. గెయిన్ ఎక్కువై శబ్దం సున్నాను తగిలితే అల తల అడ్డంగా తెగిపోతుంది, దాన్నే క్లిప్పింగ్ అంటారు. తర్వాత ఫేడర్ ఎంత దించినా తెగిన అల చిన్నగా కనిపిస్తుందే తప్ప తల తిరిగిరాదు. ఫోటోలో మనిషి తల తెగ్గోసి తీసినాక, ఆ ఫోటోను ఏ సైజులో ప్రింటు వేస్తే మాత్రం తల వస్తుందా? తెగిన చోట్లను అంచనాతో అతికే ప్లగిన్లు (సాఫ్ట్‌వేర్లో తగిలించుకునే చిన్న పనిముట్లు) ఉన్నాయి. పాటలో ఒకటి రెండు చోట్ల తెగితే అవి ఆదుకుంటాయి, చెక్కచెక్కకూ తెగిన పాటను అవి కూడా బాగుచేయలేవు.

"మీటరు బాగా పైదాకా వచ్చేటట్టు రికార్డు చెయ్యి" అనే సలహా ఇప్పటికీ తిరుగుతూనే ఉంది. అది టేపుల కాలం మాట. టేపుకు తనదంటూ ఒక సన్నటి బుస ఉండేది, పాట చిన్నగా ఎక్కితే ఆ బుసలో కలిసిపోయేది. ఇప్పుడు మనం 24 బిట్లలో రికార్డు చేస్తాం. ఒక్కో బిట్టుకు సుమారు 6 డెసిబెల్ల (శబ్దం ఎక్కువ తక్కువల కొలత) జాగా వస్తుంది. సీడీకి 16 బిట్లు, పదహారార్లు 96. మనకు ఇరవైనాలుగార్లు 144. యంత్రంలోని సొంత రొద వల్ల అంతా చేతికి రాదు గానీ, వచ్చినంతా మన గదుల్లో రొదకంటే చాలా కిందికే ఉంటుంది. మా వీధిలో తెల్లవారుజామున పాలబండి చప్పుడే నా ఇంటర్‌ఫేసు రొదకంటే ఎన్నో రెట్లు పెద్దది. కాబట్టి మీటర్లో అత్యధికం మైనస్ 12 దగ్గర ఆగినా పాటకు పోయేదేమీ లేదు. పైన ఖాళీగా ఉన్న ఆ 12 డెసిబెల్లు వృథా కాదు. చిన్నాయనకు ఊపొచ్చినప్పుడు గొంతు పోయేది అక్కడికే.

గెయిన్ పెట్టేటప్పుడు "హలో హలో మైక్ టెస్టింగ్" అనిపించుకుంటే లాభం లేదు. ఆ మాటలు ఎవరైనా నోట్లోనే అంటారు. నేను చిన్నాయనను నేరుగా చివరి చరణం అడుగుతా. చెక్కభజనలో పాట నిదానంగా మొదలై పోనుపోను వేగం ఎక్కుతుంది, చివర్లో గురువు గొంతు మొదట్లో ఉన్నదానికి రెట్టింపు ఉంటుంది. ఆ చివరి ఉరవడి మీద గెయిన్ పెట్టి, ఇంకొంచెం వెనక్కి తిప్పుతా. రికార్డు మొదలైనాక ఎవరైనా పరీక్షకు పాడినదానికంటే గట్టిగానే పాడతారు, అందుకే ఆ ఇంకొంచెం.

గొంతు సంగతి ఇది. చెక్కల సంగతి వేరు, అసలు చిక్కంతా అక్కడే. కొయ్య కొయ్యకు తగిలి, దాంట్లోని బిళ్లలు గల్లుమనేది రెప్పపాటు కూడా ఉండదు. ఆ క్షణంలో శబ్దం కొండంత ఎత్తుకు లేచి పడిపోతుంది. సగటు తీస్తే మాత్రం చాలా తక్కువ. పాత రేడియో స్టేషన్లలో, స్టూడియోల్లో ముల్లు ఊగే వీయూ మీటర్లు ఉండేవి. 1939లో అమెరికాలో బెల్ ల్యాబ్స్ వాళ్లు రెండు రేడియో సంస్థలతో కలిసి దాన్ని తయారుచేశారు. ఆ ముల్లు శబ్దాన్ని అందుకోవడానికి 300 మిల్లీసెకన్లు పడుతుంది. మాటకు, పాటకు అది బాగా సరిపోయింది, మన చెవి కూడా అట్లాగే సగటును వింటుంది కాబట్టి. చెక్క దెబ్బ ముల్లు కదిలేలోపే అయిపోతుంది. సాఫ్ట్‌వేర్లో సగటు చూపే మీటరు ఒక్కటే పెట్టుకుని చెక్కలు రికార్డు చేస్తే ఇదే మోసం జరుగుతుంది. మీటరు మైనస్ 25 అంటుంటుంది, అవతల దెబ్బదెబ్బకూ తలలు తెగుతుంటాయి. చెక్కలకు, తాళాలకు ఆ క్షణంలో అత్యధికాన్ని చూపే పీక్ మీటరే చూడాల. నేను చెక్కల పీకు మైనస్ 10 దాటనియ్యను. వినడానికి చాలా చిన్నగా ఉన్నట్టు అనిపిస్తుంది. ఉండనీ.

మైకు ఎక్కడ పెట్టినామనేది కూడా గెయినే. ఇది చాలామంది పట్టించుకోరు. దూరం రెట్టింపైతే నేరుగా వచ్చే శబ్దం 6 డెసిబెల్లు తగ్గుతుంది. నోటికి మైకు జానెడు దూరంలో ఉండటానికీ, రెండు జానల దూరంలో ఉండటానికీ మధ్య ఆ తేడా. ఫ్యాను మాత్రం ఎక్కడున్నది అక్కడే ఉంది, దాని రొద తగ్గలేదు. రెండు జానల దూరాన పెట్టి, తగ్గిన 6 డెసిబెల్లను గెయిన్‌తో పెంచితే గొంతుతో పాటు ఫ్యాను కూడా 6 పెరుగుతుంది. కాబట్టి రొద తక్కువ కావాలంటే మైకును దగ్గరికి జరిపి, గెయిన్ తగ్గించాల. మరీ దగ్గరైతే ఇంకో ఇబ్బంది. ఒక పక్కనుంచే వినే మైకులు నోటికి ఆనుకున్నకొద్దీ కింది స్థాయి శబ్దాలను, అంటే బేస్‌ను, ఉబ్బిస్తాయి, గొంతు బుంగలోంచి వచ్చినట్టు అయిపోతుంది. ప, బ, భ పలికినప్పుడు గాలి తగిలి డబ్బుమంటుంది. చిన్నాయనకు జానెడు, మైకు నోటికి ఎదురుగా కాకుండా కొంచెం పక్కకు. అట్లా పెట్టినాక ఆ భకారాలన్నీ మైకు పక్కనుంచే వెళ్లిపోయాయి.

కడపలో మే నెలలో ఫ్యాను ఆపి పాడమంటే ఎవరూ ఒప్పుకోరు, ఒప్పుకున్నా నేను అడగను. వయసైనవాళ్లు. అందుకే ఎండాకాలం రికార్డింగు తెల్లవారుజామున ఐదింటికి పెట్టుకుంటాం. ఇంకా గది గోడలు చల్లగా ఉంటాయి, ఫ్యాను ఒకటిలో తిరిగితే చాలు. ఛార్జరు తీసేసి ల్యాప్‌టాపును బ్యాటరీ మీద నడిపితే మన కరెంటు 50 హెర్ట్జ్ హమ్ము కూడా చాలావరకు పోతుంది.

కింద నేల సంగతి ఒకటి చెప్పాల. మా ఇళ్లల్లో నేలంతా కడప బండలు. నున్నగా మెరిసే నల్లబండ, కాళ్లకు చల్లగా ఉంటుంది. రికార్డింగుకు మాత్రం అది శత్రువు. చెక్క దెబ్బ ఆ బండకు తగిలి, పైకప్పుకు తగిలి మళ్లీ మైకులోకే వస్తుంది. ఇంట్లో ఉన్న బొంతలన్నీ నేలమీద పరిచి, పరుపును గోడకు ఆనించి నిలబెట్టినాకగానీ నేను మైకు తీయను. గది మోత ఒకసారి రికార్డులోకి ఎక్కితే ఏ ఫేడరూ దాన్ని గొంతునుంచి విడదీయలేదు.

అందరూ ఒకేసారి పాడితే గొంతు మైకులోకి చెక్కలు దూరుతాయి. గొంతు పెంచితే చెక్కలూ పెరుగుతాయి. విడివిడిగా రికార్డు చేద్దామంటే చిన్నాయన ముందు ఒప్పుకోలేదు.

"చెక్కల్లేకుంటే పాటెట్ల లేస్తాది రా అబ్బీ? కాలు కదలందే నోరు కదలదు."

ఆయన మాటలో నిజముంది. చెక్కభజన కూర్చొని పాడే పాట కాదు, అడుగు వేస్తూ పాడే పాట. అందుకే ముందు అందరూ కలిసి మిద్దె మీద ఆడి పాడింది ఫోన్లో పట్టుకున్నాం. అది దారి చూపడానికి మాత్రమే. తర్వాత చిన్నాయన, డోలక్కు ఆయన గదిలో దాన్ని హెడ్‌ఫోన్లలో వింటూ పాడినారు. నిలబడే పాడినాడు, కాలితో అడుగు కూడా వేసినాడు, కింద బొంత ఉంది కాబట్టి ఆ చప్పుడు రాలేదు. చెక్కలవాళ్లు, వంతపాట ఆ తర్వాత.

హెడ్‌ఫోన్లలో ఎంత వినిపిస్తామనేదాన్ని బట్టి కూడా గొంతు మారుతుంది. తన గొంతు తనకు మరీ గట్టిగా వినిపిస్తే పాడేవాళ్లు తెలియకుండానే గొంతు దించేస్తారు. మరీ చిన్నగా వినిపిస్తే అరుస్తారు. చిన్నాయన రామాలయం ముందు ఆరుబయట, మైకు లేకుండా పాడి పెరిగిన మనిషి. ఆయన నిండుగొంతు నాకు కావాల. అందుకని హెడ్‌ఫోన్లో ఆయన గొంతు కొంచెం తక్కువగా, డోలక్కు కొంచెం ఎక్కువగా పెట్టినా. నిండుగా పాడినాడు.

ఇంక మిక్సింగు. అన్ని ఫేడర్లూ కిందికి దించి గొంతుతో మొదలుపెడతా. తత్వంలో ముఖ్యం మాట. మాట తెలియని తత్వం ఎంత బాగా మోగినా వినేవాడికి ఏమి అందినట్టు? గొంతును పీకు మైనస్ 10 చుట్టుపక్కల నిలబెట్టి, దాన్ని ఇంక కదిలించను. డోలక్కును దానికింద నిలబెడతా. తర్వాత చెక్కలు. వాటి ఫేడర్ అడుగునుంచి నిదానంగా పైకి తెస్తా. "ఆ, చెక్కలొచ్చినాయి" అని తెలిసిన చోట ఆపి, ఒకటి రెండు డెసిబెల్లు మళ్లీ కిందికి. చెక్కల గల్లుమనే శబ్దమూ, మన స, చ, ట, త అక్షరాల కొసలూ దాదాపు ఒకే చోట ఉంటాయి, 3 వేల హెర్ట్జ్ నుంచి పైకి. మన చెవి బాగా చురుగ్గా ఉండేది కూడా 2 వేలనుంచి 5 వేల మధ్యే. చెక్కలు కొంచెం పెరిగితే ముందు పోయేది ఆ అక్షరాలే. అచ్చులు వినిపిస్తుంటాయి, మాట వినిపించదు.

ఇక్కడ గొంతు పెంచాలని చేయి ఊరుకోదు. నేను పెంచను. గొంతుకు అడ్డమొచ్చేదాన్ని దించుతా. ఇది పట్టుదలకు పోవడం కాదు, లెక్క. ఒకదానితో ఒకటి పోలిక లేని రెండు శబ్దాలు ఒకే లెవెల్లో కలిస్తే మొత్తం 3 డెసిబెల్లు పెరుగుతుంది, పది కలిస్తే 10 పెరుగుతుంది. గొంతు రెండు పెంచి, అది చూసి డోలక్కు రెండు పెంచి, చెక్కలు మునిగిపోయాయని అవీ రెండు పెంచితే, మనం అనుకున్న పొందికేమీ మారలేదు, అన్ని ట్రాకులూ కలిసే మాస్టర్ మాత్రం సున్నాకు తగిలింది. అప్పుడు దానిమీద, శబ్దం ఒక గీత దాటకుండా ఆపే లిమిటర్ పెట్టి అదిమితే చెక్కల దెబ్బ మొద్దుబారిపోతుంది. దించుకుంటూ పోతే ఈ గొడవేదీ లేదు. రీపర్ లోపల ట్రాకులో ఎర్రలైటు వెలిగినా శబ్దం చెడదు, లోపల లెక్కంతా దశాంశాలతో జరుగుతుంది కాబట్టి సున్నాపైన కూడా చోటు ఉంటుంది. బయటికి వచ్చే ఫైలుకు ఆ చోటు లేదు. మాస్టర్ ఎర్రబడితే అన్ని ట్రాకులూ పట్టుకుని ఒకేసారి 4, 5 డెసిబెల్లు దించేస్తా.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైన పని. గట్టి చోట్లను తనంతట తానే అదిమే కంప్రెసర్ పెట్టకముందు గొంతు ట్రాకును పాదం పాదం చేత్తో సరిచేయడం. మన తెలుగులో వాక్యం చివర క్రియ ఉంటుంది. అర్థం ముడి విడేది ఆఖరి మాటలోనే. పాడేవాళ్లకు ఊపిరి అయిపోయేది కూడా సరిగ్గా అక్కడే. పాదం మొదట్లో గొంతు నిండుగా లేస్తుంది, చివరి మాటకు వచ్చేసరికి అణిగిపోతుంది. అప్పటికే వంతవాళ్లు అందుకోవడానికి సిద్ధంగా ఉంటారు, చెక్కలు ఒక వేటు ముందే పడుతుంటాయి. అట్లా ప్రతి పాదంలోనూ ఆఖరి క్రియ మోతలో పోతుంది. "ఏమో ఎవరినో ఏదో అన్నాడు, ఏమన్నాడో తెలియలేదు" అని విన్నవాళ్లు అనేది ఇందుకే. ఆ ఆఖరి మాటను ముక్కగా కత్తిరించి, దాని గెయిన్ 2 గానీ 3 గానీ పెంచుతా. అంతకుమించితే అతుకు తెలుస్తుంది. మొదటి మాట మరీ ఎగిస్తే దాన్ని ఒకటి తగ్గిస్తా. ఒక పాటకు ఒక పూట పడుతుంది, పోయింది ఏమీ లేదు. ఇది చేసినాక విన్నవాళ్లకు గొంతు పెరిగినట్టు అనిపించదు, పాట అర్థమైనట్టు అనిపిస్తుంది.

ఇంత చేసినాక కంప్రెసర్‌కు పెద్దగా పని ఉండదు. రెండుకు ఒకటి నిష్పత్తి, గట్టి చోట్ల 3 డెసిబెల్లు అదిమితే చాలు. చేత్తో చేయకుండా అన్నీ దానిమీదే వేస్తే ఏమవుతుందంటే, అది 8 అదుముతుంది, తగ్గిన 8ని మనం మళ్లీ పెంచుతాం, అప్పుడు పాదానికి పాదానికి మధ్య నిశ్శబ్దంలో ఉన్న ఫ్యాను కూడా 8 పైకి లేస్తుంది. రికార్డు చేసినప్పుడు లేని ఫ్యాను మిక్సింగులో ఎక్కడినుంచి వచ్చిందని అడిగేవాళ్లకు ఇదే నా జవాబు.

ఏ ప్లగిన్ పెట్టినా దాని ముందు, దాని తర్వాత లెవెల్ ఒకటే చేసి వినాల. ఒక్క డెసిబెల్ ఎక్కువైనా సరే, చెవి దాన్నే బాగుందంటుంది. ఈక్వలైజర్ (కింది, పై స్థాయి శబ్దాలను విడివిడిగా పెంచి దించేది) వల్ల బాగుందో, ఉత్త ఎక్కువ కావడం వల్ల బాగుందో తేలాలంటే రెండూ సమానంగా ఉండాల. నేను ప్లగిన్ చివర గెయిన్ దించి, కళ్లు మూసుకుని ఆన్, ఆఫ్ చేస్తా. చాలాసార్లు ఆఫ్ చేసిందే బాగుంటుంది, తీసేస్తా.

మిక్సింగు మొత్తం చిన్న వాల్యూములో చేస్తా. 1933లో ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు చెవిని పరీక్షించి గీతలు గీసినారు. శబ్దం చిన్నదైనకొద్దీ మన చెవి బేస్ శబ్దాలను తక్కువగా వింటుందని అందులో తేలింది. పెద్దగా పెట్టుకుని మిక్స్ చేస్తే డోలక్కు ఎడమచేతి గుమ్మనే మోత నిండుగా ఉన్నట్టే అనిపిస్తుంది, చిన్నగా పెట్టి వింటే అది లేదు. అసలు మన పాటలు వినేది ఎక్కడ? ఫోను స్పీకర్లో, పొలం గట్టున, ఆటోలో. ఫోను స్పీకర్‌కు ఆ మోత పలికే శక్తే లేదు. డోలక్కు కుడిచేతి దెబ్బలో తాళం తెలియాల, అప్పుడే ఫోన్లో కూడా తాళం నిలుస్తుంది. నేను ఫోన్లో పెట్టి, దాన్ని వంటింట్లో వదిలేసి, హాల్లో నిలబడి వింటా. అక్కడికి మాటలు వినిపిస్తే మిక్స్ అయినట్టే.

మేళం అంతా వచ్చి విన్నరోజు ఎవరిది వాళ్లు పెంచమన్నారు. చెక్కలాయన చెక్కలు పెంచమన్నాడు, డోలక్కాయన డోలక్కు, వంతపాట మామ వంత. అందరికీ గొంతు ఒక్కటే ఉన్న ట్రాకు ముందు వినిపించి, తర్వాత ఒక్కోదాన్నీ కలుపుతూ వినిపించినా. చెక్కలు కలిసినప్పుడు ఆయనే చేయెత్తి "చాలప్పా, ఆడికి ఆపు" అన్నాడు. నా ఫేడర్ కంటే ఒక డెసిబెల్ కిందే ఆపించినాడు. అట్లే ఉంచినా, ఆయన చెవి నా చెవికంటే పాతది.

చివరిది, బయటికి తీయడం. యూట్యూబు పాట సగటు గట్టిదనాన్ని కొలిచి మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (ఆ గట్టిదనం కొలత) దాటినవాటిని దించేస్తుంది. చిన్నగా ఉన్నవాటిని పెంచదు. ఈ కొలత పద్ధతి 2006లో అంతర్జాతీయ టెలికాం యూనియన్ తెచ్చింది. యూట్యూబు లాంటివి ఇట్లా కొలిచి దించడం మొదలుపెట్టినాక అందరికంటే గట్టిగా మోగాలనే పోటీకి అర్థం లేకుండా పోయింది. అదిమి అదిమి మైనస్ 8కి తెచ్చినవాళ్ల పాటను అది 6 దించేస్తుంది, నలిగిన చెక్కలు నలిగినట్టే ఉంటాయి. చెక్కభజనకు మైనస్ 14 చేరాలన్నా దెబ్బలను బాగా నరకాల్సి వస్తుంది. నేను మైనస్ 16 దగ్గర ఆగిపోతా, ట్రూ పీకు (అల నిజంగా చేరే అత్యధికం) మైనస్ 1. పక్క పాటకంటే రెండు డెసిబెల్లు చిన్నగా ఉంటుంది. వినేవాళ్లు వాల్యూము ఒక గీత పెంచుకుంటారు. చెక్క దెబ్బ మాత్రం కొయ్య మీద కొయ్య పడినట్టు తెలుస్తుంది.

లిమిటర్ లేని ఫైలు, 24 బిట్లది, ఇంకొకటి విడిగా దాచుకుంటా. ఎవరి మైకుకు గుండీ ఎక్కడ ఉందో నోట్‌బుక్కులో రాసుకుంటా, చిన్నాయనకు గడియారంలో పదకొండు గంటల చోటు, చెక్కలకు తొమ్మిది దాటి కొంచెం. వచ్చే నెల పండరి భజన వాళ్లు వస్తామన్నారు. ఇత్తడి తాళాలు చెక్కలకంటే పదునుగా ఉంటాయి కాబట్టి తొమ్మిదికి ఇంకా కిందనుంచి మొదలుపెట్టాల, మైకు తాళాలకు నేరుగా ఎదురుగా కాకుండా కొంచెం పక్కకు పెట్టాల.